అధీకృత రోదన కేంద్రం

భ్రమరాంబ ఇంట్లో పిల్లలు ఏడుస్తారన్న సంగతి శిశు ప్రశాంతి మండలికి ఒక బుధవారం నాడు తెలిసింది. అంతకు ముందు పదకొండేళ్లుగా ఆ ఇంట్లో పిల్లలు ఏడుస్తూనే ఉన్నారు. కానీ అదంతా ఎక్కడా నమోదు కాని ఏడుపు కాబట్టి ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

కోరుమిల్లిపేట బస్టాండు వెనక రెండో సందులో, రేకుల వరండా ఉన్న పెంకుటిల్లు ఆవిడది. పొద్దున్న ఆరున్నర నుంచి తల్లులు ఒక్కొక్కరే వచ్చి పిల్లనో పిల్లాణ్ణో, పాలసీసానో, బట్టల సంచీనో ఆవిడ చేతిలో పెట్టి డ్యూటీకి పరిగెడతారు. మొత్తం ఏడుగురు పిల్లలు. ఒకరికి మెత్తగా పిసికిన పప్పన్నం, ఒకరికి పెరుగన్నం, ఒకరికి అసలు అన్నమే వద్దు. ఒకణ్ణి నిద్రపుచ్చేలోగా ఇంకొకడు లేస్తాడు. భ్రమరాంబ కాఫీ వేడిగా ఉండగా తాగి పదకొండేళ్లయింది. ఆవిడకు జ్వరం రావడానికి కూడా వీల్లేదు. వస్తే ఆ రోజు ఒక బస్సుకు కండక్టరు, ఒక ఆసుపత్రికి నర్సు, ఒక బడికి టీచరు, రెండు బట్టల కొట్లకు అమ్మేవాళ్లూ ఉండరు. ఒకసారి అన్నగారి కూతురి పెళ్లికి వెళ్లక తప్పక ఏడుగురినీ ఆటోలో ఎక్కించుకుని తీసుకెళితే, వీడియో తీసేవాడు ఆవిడ భర్త గవర్రాజు వంక గౌరవంగా చూసి, "మీ సంతానమంతా ఒక ఫొటోలో పట్టరు సార్, రెండు వరసలు వెయ్యండి" అన్నాడు. మోటార్లకు వైండింగు చేసుకునే గవర్రాజు ఆ తర్వాత ఏ పెళ్లికీ వెళ్లలేదు.

ఆ బుధవారం వచ్చినవాడు శిశు ప్రశాంతి మండలి పర్యవేక్షణాధికారి పరాంకుశరావు. సన్నటి మనిషి. చంకలో లావుపాటి ఫైలు. మండలి పెద్దలెవరో విదేశం వెళ్లి అక్కడ రైలు ఎక్కారట. నాలుగు గంటల ప్రయాణంలో ఒక్క బిడ్డా ఏడవలేదట. ఆ పెట్టెలో ఒక్క బిడ్డయినా ఉందో లేదో చూశారా అని ఎవరూ అడగలేదు. వాళ్లు తిరిగొచ్చిన నెలకే 'కన్నీటి రహిత పట్టణం' అనే పథకం మొదలైంది.

"మీ గృహమందు ఎంతమంది శిశువులు సంరక్షణ పొందుచున్నారు?" అన్నాడు పరాంకుశరావు, ఫైలు విప్పుతూ.

"ఏడుగురండి. వానొస్తే ఎనిమిది."

"వర్షమునకూ శిశువుల సంఖ్యకూ సంబంధమేమిటి?"

"పక్కింటి వాళ్లిల్లు కారుద్దండి. వాళ్ల మనవణ్ణి ఇక్కడ పడుకోబెడతారు."

పరాంకుశరావు అది రాసుకుంటూ ఉండగా లోపల్నుంచి జోషిత ఏడుపు అందుకుంది. జోషితకి రెండేళ్లు. తల్లి దుర్గాభవాని బస్సు కండక్టరు. బస్టాండు పక్కనే కాబట్టి రోజుకు అరవై బస్సుల హారన్లు వినపడతాయి. ప్రతి హారనుకీ అమ్మే వచ్చిందని ఆ పిల్ల గుమ్మం దాకా పరిగెడుతుంది.

"ఆ శబ్దమేమిటి?" అన్నాడు పరాంకుశరావు.

"ఏడుపండి."

"దినమునకు ఎన్ని పర్యాయములు?"

"లెక్కెట్టలేదండి."

ఆయన పెన్ను ఆగిపోయింది. పదకొండేళ్ల ఏడుపును లెక్కపెట్టకుండా గాలికి వదిలేసిన మనిషిని ఆయన మొదటిసారి చూస్తున్నాడు. ఫైల్లోంచి ఒక అట్టపుస్తకం తీసి రెండు చేతులతో ఆవిడకిచ్చాడు. 'రోదన నమోదు పుస్తకం' అని ఉంది దాని మీద. శిశువు పేరు, ఏడుపు ప్రారంభ సమయం, ముగింపు సమయం, కారణం కోడు, తీసుకున్న చర్య. కారణాలు తొమ్మిది: ఆకలి, దాహం, నిద్ర, తడి, దెబ్బ, పురుగు కాటు, ఉక్క, బొమ్మ లాక్కొనుట, భయం.

"అమ్మ గుర్తొచ్చి ఏడిస్తే ఏది వెయ్యమంటారండి?" అంది భ్రమరాంబ.

"అటువంటి కారణము మార్గదర్శకాలలో లేదు."

"మా ఇంట్లో సగం ఏడుపులు అయ్యేనండి."

"అయితే తొమ్మిది వేయండి. భయము."

"భయం కాదండీ, దిగులు."

"దిగులునకు కోడు లేదమ్మా," అన్నాడు పరాంకుశరావు, తనే మంజూరు చేయలేకపోయినందుకు కొంచెం బాధపడుతూ.

భ్రమరాంబ ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. దస్తూరి గుండ్రంగా ఉంటుంది. కోడు లేని ఏడుపులకు కోడు గడి వదిలేసి, తీసుకున్న చర్య అన్న చోట జరిగింది జరిగినట్టు రాయడం మొదలుపెట్టింది. చంకలో ఒకణ్ణి పెట్టుకుని, మోకాలి మీద పుస్తకం ఆనించి రాసేది.

వారం తర్వాత ఒక సాయంత్రం దుర్గాభవాని డ్యూటీ దిగి వచ్చింది. జోషితకి చెప్పులు తొడిగేలోగా అరుగు మీదున్న పుస్తకం ఊరికే తిరగేసింది. 'జోషిత. 11.20. హారను విని అమ్మ అనుకుంది. కాదు. గేటు దాకా ఎత్తుకెళ్లాను. కాకి రొట్టెముక్క ఎత్తుకుపోతుంటే చూసి, కాకీ డ్యూటీకెళ్లింది అంది. ఊరుకుంది.' దుర్గాభవాని భుజాన టికెట్ల సంచీతో అలాగే నిలబడి ఆ పేజీ అంతా చదివింది. ముందు పేజీ కూడా చదివింది.

"పిన్నిగారూ, రేపు కూడా ఇలాగే రాస్తారా?"

"రాయకపోతే ఆయనొప్పుకోడమ్మా."

"ఆయన కోసం కాదండి. నేనిప్పటిదాకా దీన్ని పొద్దుగూకాక తప్ప చూళ్లేదు. పగలు ఏం చేసుద్దో నాకు తెలీదు."

మర్నాటి నుంచి తల్లులంతా వచ్చీరాగానే ముందు పుస్తకం అందుకోవడం మొదలుపెట్టారు. నర్సు అయితే ఒక పేజీని ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లింది.

నెలాఖరుకి లెక్క తేలింది. భ్రమరాంబ ఇంట్లో నాలుగు వందల పన్నెండు ఏడుపులు. పట్టణంలో ఇలా పిల్లల్ని చూసే మిగతా పంతొమ్మిది ఇళ్లూ కలిపి ముప్పై ఒకటి. నాలుగో వార్డులో పద్నాలుగు మంది పిల్లల్ని చూసే హైమవతి ఇంట్లో సున్నా.

టౌనుహాల్లో సభ పెట్టి హైమవతికి శాలువా కప్పారు. ప్రాంతీయ సంచాలకులు మైకు ముందుకొచ్చారు. "ఏడుపు అనేది గడిచిన శతాబ్దపు అలవాటు. నేటి శిశువు సమస్యను ప్రశాంతముగా వ్యక్తపరచవలెను. ఈ ఆర్థిక సంవత్సరాంతమునకు కోరుమిల్లిపేటను కన్నీటి రహిత పట్టణముగా ప్రకటించుటకు మండలి కృతనిశ్చయముతో ఉన్నది." చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకు హైమవతి ఒళ్లోని బిడ్డ ఉలిక్కిపడి, ఏడవబోతూ పెదవి విరిచింది. హైమవతి ఎంత వేగంగా ఫోను తీసి ఆ బిడ్డ మొహం ముందు పెట్టిందంటే, వెనక వరసలో కూర్చున్న భ్రమరాంబ తప్ప ఇంకెవరూ చూడలేదు.

మర్నాడు పరాంకుశరావు వచ్చాడు. ఈసారి ఫైలు లేదు. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు తాగి, మామూలు తెలుగులో మాట్లాడాడు.

"అమ్మా, నాలుగు వందల పన్నెండులో నాలుగు వందలు తీసెయ్యండి. పన్నెండు ఉంచుకోండి. మీక్కూడా మర్యాదగా ఉంటుంది."

"ఏ నాలుగు వందలు తియ్యమంటారండీ?"

"ఏవైనా ఒకటే కదమ్మా."

"ఏవైనా ఒకటే ఎలా అవుతాయండి? ఒక్కో ఏడుపుకీ ఒక తల్లుంది."

పరాంకుశరావు గ్లాసు కింద పెట్టాడు. "మీ ఇంటి వల్ల పట్టణం ఆగిపోయింది. పట్టణం వల్ల జిల్లా ఆగిపోయింది. ఈ నెల కూడా ఇలాగే వస్తే మీ ఇల్లు మూయించమని నోటిమాటగా చెప్పారు. కాగితం కూడా తయారైపోయింది. నా చేతిలో లేదు."

ఆ కబురు తల్లులకు తెలిసింది. ఆ సాయంత్రం ఎవరూ తొందరగా వెళ్లలేదు. ఈ ఇల్లు మూసేస్తే దుర్గాభవాని ఉద్యోగం మానెయ్యాలి. నర్సు పిల్లాణ్ణి ఎనభై కిలోమీటర్ల అవతల అత్తగారింట్లో వదలాలి. "సున్నా రాసెయ్యండి పిన్నిగారూ," అంది దుర్గాభవాని. "మాకు నోటితో చెప్పండి చాలు."

భ్రమరాంబ నిజంగానే రాద్దామనుకుంది. మర్నాడు పుస్తకం తెరిచి సున్నా చుట్టబోయింది. అప్పుడే నర్సు కొడుకు లేచి ఏడ్చాడు. ఎత్తుకుంటే ఒళ్లు కాలిపోతోంది. ముందు రోజు పేజీ తిప్పి చూసింది. వాడు మూడింటికోసారి, నాలుగున్నరకోసారి, చెవి పట్టుకుని ఏడ్చినట్టు తన రాతలోనే ఉంది. తల్లికి ఫోను చేసి ఆ రెండు వరసలూ చదివి వినిపించింది. నర్సు వచ్చి చూస్తే చెవిలో చీము. డాక్టరు మందులిచ్చి, సమయానికి తెచ్చారన్నాడు. ఆ కబురు విన్నాక భ్రమరాంబ ఆ రోజు ఏడుపులన్నీ ఒక్కటి కూడా మానకుండా రాసింది. పదిహేడు.

"ఏదైతే అదయింది," అంది గవర్రాజుతో.

"అవనీ," అన్నాడు గవర్రాజు, మోటారులోంచి తల ఎత్తకుండా. "కాలిన తీగ మీద రంగేస్తే మోటారు తిరుగుద్దా?"

కానీ ఆఫీసులో పరాంకుశరావు ఊరుకోలేదు. ఆయనకు భ్రమరాంబ ఇల్లు మూయించాలనీ లేదు, తన ఉద్యోగం పోగొట్టుకోవాలనీ లేదు. రెండు రోజులు మార్గదర్శకాలు ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ చదివి, పద్నాలుగో పేరాలో దారి కనిపెట్టాడు. ఆ సోమవారం నాడు పచ్చరంగు కవరులో ఉత్తర్వు వచ్చింది.

'విషయము: కోరుమిల్లిపేట పట్టణమును కన్నీటి రహితముగా ప్రకటించుట గురించి. సదరు పట్టణమందు శిశు రోదనము పూర్తిగా నిర్మూలింపబడినందున, మిగిలియున్న రోదనము నిమిత్తము శ్రీమతి భ్రమరాంబ గారి గృహమును అధీకృత రోదన కేంద్రముగా గుర్తించడమైనది. ఇకపై పట్టణమందెక్కడనైనను ఏడుపు సంభవించిన యెడల, సదరు శిశువును ముప్పది నిమిషములలోగా అధీకృత కేంద్రమునకు తరలించి అచ్చట ఏడ్పించవలెను.'

వెంటనే 'అధీకృత రోదన కేంద్రం' అని రాసిన నీలం బోర్డు కూడా వచ్చింది. గుమ్మం మీద కొట్టారు.

మొదటి ఆటో హైమవతిది. అందులో అయిదుగురు పిల్లలు. సందు మొదట్లోనే వినపడింది. తర్వాత ఒక తాతగారు మనవరాలిని సైకిలు మీద కూర్చోబెట్టుకుని, "ఇంకాసేపు ఆపుకో తల్లీ, వచ్చేశాం" అంటూ తొక్కుకొచ్చాడు. సినిమా హాల్లోంచి ఒక జంటను బిడ్డతో సహా పంపేశారు. టీకాలు వేసే చోట సూది గుచ్చిన వెంటనే పిల్లల్ని తల్లుల చేతికిచ్చి, "ఇక్కడ కాదమ్మా, రెండో సందు" అని దారి చూపించారు. సందులో ఆటోలు నిలబడిపోయాయి. కూరగాయల బండివాడు ఈ వేళప్పుడు ఇక్కడ బేరం బావుందని బండి అక్కడే పెట్టేశాడు.

నాలుగో రోజు మేళంతో పెళ్లివారు దిగారు. ఫంక్షన్ హాలు కన్నీటి రహిత ప్రాంగణమని కొత్తగా రాశారట. అప్పగింతలు బయట పెట్టుకోమన్నారట.

"ఇది చంటిపిల్లలకండీ," అంది భ్రమరాంబ.

"బోర్డు మీద వయసు రాయలేదు కదమ్మా," అన్నాడు పెళ్లికూతురి మేనమామ. "పది నిమిషాలు. ఏడ్చేసి వెళ్లిపోతాం."

పెళ్లికూతురు వరండాలో చాప మీద కూర్చుని, తల్లిని పట్టుకుని ఏడ్చింది. ఏడుపు అంటే ఏమిటో బాగా తెలిసిన పిల్లలంతా చుట్టూ చేరి నోరు మెదపకుండా చూశారు. జోషిత తన చేతిలోని సగం కొరికిన బిస్కెట్టు పెళ్లికూతురి ఒళ్లో పెట్టింది. భ్రమరాంబ పుస్తకంలో రాసింది: వయసు ఇరవై మూడు. కారణం గడి మళ్లీ ఖాళీ.

ఆ వారాంతానికి భ్రమరాంబ నడుం పట్టేసింది. వంగితే లేవలేదు, లేస్తే వంగలేదు. ఆ రోజు ఇంట్లో నలభై మంది ఉన్నారు. హైమవతి మళ్లీ ఆటోలో అయిదుగురిని తెచ్చి, దింపి, వెనక్కి తిరగబోయింది.

"ఎక్కడికి?" అంది భ్రమరాంబ, గోడకానుకుని నిలబడి.

"ఇంటి దగ్గర ఇంకా తొమ్మిది మంది ఉన్నారు వదినా. మా ఆడపడుచుని కూచోబెట్టి వచ్చాను."

"వాళ్లనీ తీసుకొచ్చెయ్. ఇక్కడే కూచో. నీ పిల్లల్ని నువ్వెత్తుకో."

హైమవతి వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది. "పద్నాలుగు మందిని ఒక్కదాన్నీ ఎలా ఎత్తుకోను వదినా? తలో ఫోనూ ఇచ్చేదాన్ని. దానికీ ఊరుకోనివాడికి నోట్లో పంచదార పెట్టేదాన్ని. శాలువా కప్పిన రోజు మా ఇంట్లో ఎంతమంది ఏడ్చారో నాకే తెలీదు," అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ ఏడుపు కూడా అధీకృత స్థలంలోనే జరిగింది కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ రోజు నుంచి భ్రమరాంబ ఒకటే నియమం పెట్టింది. ఏడ్చే బిడ్డను తెచ్చినవాళ్లు దించి వెళ్లడానికి లేదు. ఊరుకునేదాకా చాప మీద కూర్చుని ఎత్తుకోవాలి. మొదట్లో కొందరు గొణిగారు. తాతగారు మాత్రం సంతోషంగా గోడవార సొంత చోటు చూసుకున్నాడు. హైమవతి తన పద్నాలుగు మందితో, ఆడపడుచుతో సహా వచ్చేసింది. తల్లులు సెలవు దొరికిన పూట వచ్చి ఒకరి పిల్లల్ని ఒకరు ఎత్తుకున్నారు. భ్రమరాంబ కుర్చీలో కూర్చుని, ఎవరికి ఎవరి భుజం కావాలో చెప్పేది. "వాడి తల మెడ దగ్గర కాదమ్మా, ఇటు తిప్పు. అదీ. ఇప్పుడు నడువు."

మొదటి నెల పదకొండు వందల ఏడుపులు. రెండో నెల ఏడు వందలు. మూడో నెల రెండు వందల తొంభై.

నాలుగో నెల మొదటి వారంలో మెమో వచ్చింది. తెచ్చినవాడు పరాంకుశరావే. నాలుగు గంటలకు సంచాలకుల వీడియో సమావేశం ఉందని, సమాధానం పట్టుకుని వెళ్లాలని హడావిడిగా వచ్చాడు. వాకిట్లోనే నిలబడి చదివాడు.

"'సదరు అధీకృత కేంద్రమునకు నెలకు వెయ్యి రోదనములు లక్ష్యముగా నిర్దేశించడమైనది. కానీ గత మూడు మాసములుగా రోదనము ఆందోళనకరముగా క్షీణించుచున్నది. కేంద్రము స్థాపించిన ఉద్దేశ్యము నెరవేరనందున, తమపై ఏల చర్య తీసుకొనరాదో లిఖితపూర్వకముగా తెలుపవలెను.'"

"ఎక్కువ ఏడిస్తే తప్పన్నారు కదండీ?" అంది భ్రమరాంబ.

"అది మామూలు ఇల్లుగా ఉన్నప్పుడమ్మా. ఇప్పుడు కేంద్రం. కేంద్రం అన్నాక లక్ష్యం ఉంటుంది. అసలు మీరేం చేశారు? ఏడుపు ఎందుకు తగ్గింది? అది రాసివ్వండి, నేను ఎలాగో సర్దుతాను."

భ్రమరాంబ మెమో తీసుకుని, కింద ఖాళీలో ఒక్క మాట రాసిచ్చింది. 'ఎత్తుకున్నాం.'

పరాంకుశరావు అది రెండుసార్లు చదివాడు. కాగితం వెనక్కి తిప్పి చూశాడు. అటు ఏమీ లేదు.

"ఇది సాంకేతిక వివరణ కాదమ్మా. ఎత్తుకొనుట అనే చర్య మార్గదర్శకాల్లో లేదు. ఏ పరికరంతో, ఎంతసేపు, ఏ కోణంలో... అడుగుతారు."

అప్పుడే లోపల చాప మీద ఎనిమిది నెలల పిల్ల లేచి గుక్కపట్టింది. హైమవతి చేతుల్లో ఇద్దరున్నారు. తాతగారి ఒళ్లో ఒకరు, భుజాన ఒకరు. భ్రమరాంబ నడుం పట్టుకుని లేచి, ఆ పిల్లను తీసుకుని, చుట్టూ చూసి, ఖాళీగా ఉన్న చేతులు ఒక్క పరాంకుశరావువే కాబట్టి ఆయనకిచ్చింది.

ఆయన ఫైలును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది.

"అలా కాదండి. తల మీ భుజాన వెయ్యండి. కింద చెయ్యి పెట్టండి. బిగుసుకుపోకండి, దానికి తెలిసిపోద్ది. ఇప్పుడు అటూ ఇటూ నడవండి."

పరాంకుశరావు వరండాలో ఆ చివర దాకా వెళ్లి వచ్చాడు. మళ్లీ వెళ్లి వచ్చాడు. మూడోసారి వచ్చేటప్పటికి ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. అయిదోసారికి పిల్ల ఆయన చొక్కా కాలరు గుప్పెట్లో పట్టుకుని, నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఇస్త్రీ చొక్కా భుజం మీద తడి మరక పెద్దదవుతోంది. ఆయన కదలకుండా నిలబడిపోయాడు. ఆయన మొహం ఎలాగో అయిపోయింది. ఉద్యోగంలో చేరిన ఇరవై రెండేళ్లలో మొదలుపెట్టిన పని ఒక్కటైనా తన కళ్లముందే పూర్తవడం ఆయన చూసినట్టు లేదు.

జేబులో ఫోను మోగింది. నాలుగయింది. పిల్ల కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"అమ్మా," అన్నాడు పరాంకుశరావు గుసగుసగా, "దింపితే లేస్తుందా?"

"లేస్తుందండి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, జేబు ఆవిడ వైపు తిప్పాడు. భ్రమరాంబ ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల సంచాలకుల గొంతు, పరాంకుశరావు ఎక్కడని, సమావేశం ఎవరి కోసం ఆగాలని అడుగుతోంది.

"ఆయన బిడ్డనెత్తుకున్నారండి," అంది భ్రమరాంబ, గొంతు తగ్గించి. "ఖాళీ లేదు."